ఎడమచేతి నలుపు

ఆ కారులో తప్పు పట్టగల మనిషి ఇంకా పుట్టలేదని గస్ హదాద్ నాలుగు రోజులుగా చెప్పిందే చెబుతున్నాడు. పుట్టి, పెరిగి, రిటైరై, పక్క రాష్ట్రంలో ఫోర్ట్ వేన్ ఊళ్ళో కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడని గురువారం పొద్దున ఏడుంపావుకి తేలింది.

వేలం సైటులో కారు ఫొటోల కింద వచ్చిన అరవై మూడో వ్యాఖ్య అది. అంతకు ముందు అరవై రెండూ పెళ్ళికూతురిని చూడవచ్చిన వాళ్ళ మాటల్లా ఉన్నాయి. రంగు బాగుంది, తలుపుల సందులు బాగున్నాయి, ఇంజన్ గొంతు బాగుంది, టైర్లకి ఆ తెల్ల అంచు ఇంకొంచెం సన్నగా ఉంటే బాగుండేది. ఈ అరవై మూడోది మాత్రం నేరుగా గొంతు మీద కూర్చుంది.

"ఫైర్‌వాల్ మీద నల్లరంగు తప్పు," అని రాశాడాయన. "ల్యాండన్ ఫ్యాక్టరీలో ఆ నలుపు ఎడమ నుంచి కుడికి కొట్టేవారు. పొగలాంటి తోక కుడివైపు తేలాలి. ఈ బండికి ఎడమవైపు తేలింది. కాబట్టి ఈ గోడ ఈ బండిది కాదు, నంబరు పలక ఒక్కటే అసలుది అని నా అభిప్రాయం. కొనేవాళ్ళు ఆలోచించుకోవాలి. - వెండెల్ యోస్ట్, ల్యాండన్ రిజిస్టర్."

ఫైర్‌వాల్ అంటే ఇంజన్‌కీ మనుషుల కాళ్ళకీ అడ్డంగా ఉండే ఇనుపగోడ. బండి నంబరు పలకని దానికే బిగిస్తారు. గోడ వేరే బండిదైతే పలక మార్చినట్టు, పలక మారిస్తే బండి మొత్తం దొంగబండి అన్నట్టు. యాభై ఏడో సంవత్సరపు ల్యాండన్ మెరిడియన్, టాపు తీసే రకం, దేశం మొత్తం మీద ఎన్ని మిగిలాయో వేళ్ళ మీద లెక్క చెప్పగలవాడు ఆ యోస్ట్ ఒక్కడే. ముప్ఫై నాలుగేళ్ళుగా ప్రతి ల్యాండన్ పుట్టుకా చావూ రాసిపెట్టుకున్న మనిషి. ఆయన ఔనంటే ఔను, కాదంటే కాదు.

ఇలోనా నేమెత్ ఆ వ్యాఖ్యని వంటింట్లో నిలబడి రెండుసార్లు చదివింది. కాఫీ కప్పు బల్ల మీద పెట్టి, గోళ్ళ సందుల్లో సబ్బుకి లొంగని రంగుని చూసుకుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. టొలీడోలో ఒక డెంటింగ్ పెయింటింగ్ షాపులో ముప్ఫై ఒక్కేళ్ళు గుద్దుకున్న కార్లకి రంగులు వేసింది. ఆమె పని బాగుంటే గుద్దుకున్నట్టే తెలియదు, తెలియకపోతే రంగు వేసిన మనిషి ఉన్నట్టూ తెలియదు. ఈ మెరిడియన్ ఆమె తన గ్యారేజీలో తన పేరు మీద చేసిన మొదటి బండి. ఇది మర్యాదగా అమ్ముడుపోతే వేసవి నుంచి ఇలాంటి బండ్లే వస్తాయి, ఇద్దరు మాట కూడా ఇచ్చారు. దొంగబండి అన్న ముద్ర పడితే ఆమె గ్యారేజీ ముందు సైకిల్ కూడా ఎవరూ ఆపరు.

గస్ ఫోన్ చెయ్యలేదు, తానే వచ్చేశాడు. డెబ్బై ఒక్కేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, నోరు మాత్రం ఇంకా కొత్తదే. ఆమెకి పాత స్నేహితుడు, స్పేర్ పార్టుల కౌంటర్ వెనకాల జీవితమంతా నిలబడ్డవాడు. ఫొటోలు తీసిందీ, సైటులో జవాబులు రాస్తున్నదీ అతనే.

"చూశావా వాణ్ణి? కోడిగుడ్డుకి ఈకలు పీకే రకం," అన్నాడు కుర్చీ లాక్కుని. "నలభై ఒక్క వేల డాలర్ల దగ్గర పాట ఆగిపోయింది. ఒక్కడూ కదలట్లేదు. సైటు వాళ్ళు ఉత్తరం పెట్టారు, రేపు సాయంత్రం ఐదింటిలోపు జవాబివ్వకపోతే బండిని వేలం నుంచి తీసేస్తారట. నేను రాస్తాలే, అయ్యా యోస్టుగారూ, తమరు కళ్ళ డాక్టరుకి చూపించుకోండి అని."

"రాయకు. తోక ఎడమకే ఉంది, గస్. ఆయన సరిగ్గానే చూశాడు."

"ఏంటీ?"

"నేనే అలా కొట్టాను. పాతది అలాగే ఉంది కాబట్టి."

గస్ ఆమె మొహం వంక చూశాడు. వేళాకోళం ఆడుతోందేమో అనుకున్నాడు, కానీ ఇలోనా పొద్దునపూట వేళాకోళం ఆడే మనిషి కాదు.

గ్యారేజీలో మెరిడియన్ బానెట్ ఎత్తి ఉంది. లేత ఆకుపచ్చ ఒళ్ళు. ఆ పచ్చ మీద ఇనుపగోడ మధ్యభాగం నలుపు. నలుపు అంచులు గీత గీసినట్టు ఉండవు. కుడివైపు దట్టంగా మొదలై, ఎడమకి వచ్చేసరికి పలచబడి, పచ్చలో పొగలా కలిసిపోతాయి. ఇలోనా గోడకి ఒక అట్ట ఆనించింది. రంగు చిమ్మే గన్‌లో నలుపు పోసి, గాలి సరిచేసి, కుడిచేత్తో ఒక విసురు విసిరింది. ఎడమ దగ్గర దట్టం, కుడికి తోక.

"ఇది నేను, నువ్వు, లోకం," అంది.

గన్ ఎడమచేతిలోకి మార్చుకుంది. భుజం దించి, మోచెయ్యి ఒంటికి దగ్గరగా పెట్టి మళ్ళీ విసిరింది. ఈసారి దట్టం కుడికి, తోక ఎడమకి. విసురు చివర మణికట్టు కొంచెం పైకి లేచి వదిలేసింది, అక్కడ నలుపు సన్నటి కొక్కెంలా తిరిగింది. గస్ అట్టనీ, కారునీ మార్చి మార్చి చూశాడు. కొక్కెం రెండుచోట్లా ఒకటే.

"ఆ రోజు ఆ లైన్లో గన్ పట్టుకున్నవాడు ఎడమచేతివాటం మనిషి. ఆరేళ్ళ కిందట బండి ఊడదీసినప్పుడు చూశాను. నాలుగు విసుర్లు, అంతే. ముప్ఫై సెకన్లు పట్టి ఉంటుంది. మూడో విసురులో అతనికి భుజం లాగింది, అక్కడ కొంచెం కిందికి జారింది."

"యాభై ఏడులో ఎవడికో భుజం లాగిందని నీకెలా తెలుసు?"

"అదే విసురు నేను వెయ్యిసార్లు కొట్టాను కాబట్టి. నాకూ అక్కడే లాగుతుంది."

ఎడమచెయ్యి అలా తిప్పడానికి ఎన్నాళ్ళు పట్టిందని గస్ అడిగాడు.

"ఒక చలికాలం. ఫ్రిజ్‌ల షాపు వాళ్ళ అట్టపెట్టెలన్నీ నేనే తెచ్చుకున్నాను."

"అయితే ఇది వీడియో తీసి పెడదాం. ఇప్పుడే."

"పెడితే ఏం తేలుతుంది? ఎడమచేత్తో కూడా దొంగతనం చెయ్యగలనని తేలుతుంది."

మాట నిజమే. గస్ గడ్డం గోక్కున్నాడు. పాత గోడ ఫొటోలు లేవా అని అడిగాడు. ఉన్నాయి, కానీ ఆమె పాత ఫోన్లో తీసినవి. మట్టి పట్టిన గోడ, వెలుతురు లేదు, తోక ఎటుందో దేవుడికే తెలియాలి. ఇంకేం లేదా అన్నాడు. ఇలోనా గన్ విప్పి కడగడం మొదలుపెట్టింది. సూదిని తుడిచింది, మూతిని తుడిచింది, తుడిచినదాన్నే మళ్ళీ తుడిచింది.

"ఒకటుంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది."

"నా దగ్గరా? నా రెండు పెళ్ళిళ్ళూ దగ్గరుండి చూసినదానివి."

"ఆ గోడకి బిగించిన హీటర్ పెట్టె వెనకాల రెండు అరచేతులంత మేర నేను రంగు వెయ్యలేదు. పాతది గీకలేదు. అతను కొట్టింది కొట్టినట్టే వదిలేశాను."

ఇది ఎంత పెద్ద ఒప్పుకోలో బండ్లవాళ్ళకే అర్థమవుతుంది. 'పూర్తి పునరుద్ధరణ' అని గస్ వివరాల్లో లావు అక్షరాలతో రాశాడు. పూర్తి అంటే పూర్తే. చివరి నట్టుదాకా విప్పి, గీకి, కొత్తగా వెయ్యాలి. కనిపించని మూల వదిలేసినవాణ్ణి ఆ లోకంలో పనిదొంగ అంటారు. ముప్ఫై ఒక్కేళ్ళలో ఆ మాట అనిపించుకోని మనిషి ఇప్పుడు తన నోటితో తానే చెప్పుకుంటోంది.

"ఎందుకు వదిలేశావే తల్లీ?"

"ఇసుక కాగితం దాకా తీసుకెళ్ళాను. రెండుసార్లు తీసుకెళ్ళాను. చెయ్యి ఆడలేదు."

ప్రతి శుక్రవారం చర్చి హాల్లో చేపల వేపుడు భోజనం ఉంటుంది. ఆ వారం ఇద్దరూ వెళ్ళలేదు. గస్ మాత్రం దారిలో ఆగి రెండు పొట్లాలు కట్టించుకుని వచ్చాడు, అవి బల్ల మీద చల్లారిపోయాయి.

హీటర్ పెట్టె విప్పి వెనకాల ఉన్నది చూపించడానికి ముందు ఇంజన్ నీళ్ళు బకెట్లోకి దించారు. రబ్బరు గొట్టాల బిగింపులు వదులు చేసి, వాటి మూతుల్లో గుడ్డలు కుక్కారు. కొత్త నలుపు మీద ఇలోనా దుప్పటి పరిచి, దాని మీద టేపు అంటించింది. పెట్టె బిగించిన ఐదు నట్లూ బండి లోపల, డాష్‌బోర్డు కిందుంటాయి. ఆమె ముందుసీటు తీసి బయట పెట్టి, నేల మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు తలుపు బయటికి వేలాడేసి, నోట్లో టార్చి పట్టుకుని ఒక్కొక్కటే తిప్పింది. గస్ మోకాళ్ళని తిట్టుకుంటూ ముందు నిలబడి ఫోన్‌తో అంతా తీస్తున్నాడు. మధ్యలో ఆపకూడదు, ఆపితే మార్చారంటారు. అందుకని గంటా పది నిమిషాలు అతను తుమ్ము కూడా ఆపుకున్నాడు.

నాలుగు నట్లు మర్యాదగా వచ్చాయి. ఐదోది వచ్చినప్పుడు పెట్టె ఒక్కసారిగా ఒరిగింది. దాని మూల దుప్పటిని దాటి కొత్త నలుపుని గీసింది. గోరంత పెచ్చు లేచి, కింద బూడిదరంగు కనిపించింది. లోపల్నుంచి ఇలోనా ఆ శబ్దం విని కళ్ళు మూసుకుంది. గస్ ఫోన్‌ని ఆ పెచ్చు దగ్గరికి జరిపాడు.

"ఎంత?" అని అడిగింది లోపల్నుంచి.

"గోరంత."

"తీస్తూనే ఉండు."

పెట్టె పక్కన పెట్టి ఆమె ముందుకొచ్చి చూసింది. చుట్టూ తను వేసిన పచ్చా నలుపూ నిగనిగలాడుతున్నాయి. మధ్యలో రెండు అరచేతుల మేర పాత రంగు, వెలిసి, సన్నటి పగుళ్ళు తేలి ఉంది. ఫ్యాక్టరీలో పెట్టె బిగించినప్పుడు వేసిన తారు పట్టీ అచ్చు దాని చుట్టూ అలాగే ఉంది, తారు గట్టిపడి రాయిలా అయింది. ఆ అచ్చు లోపల నలుపు తోకలు నాలుగు, ఒకదాని కింద ఒకటి, ఎడమకి తేలుతున్నాయి. మూడోది కొంచెం జారింది. నాలుగిటి చివరా కొక్కేలు.

ఇలోనా దాన్ని ఆరేళ్ళ తరువాత మళ్ళీ చూస్తోంది. తను కొట్టిన తోకలు బాగున్నాయి, చాలా బాగున్నాయి. పక్కనే అతనివి చూశాక తనవి జాగ్రత్తగా నడిచిన మనిషి అడుగుల్లా అనిపించాయి. అతను జాగ్రత్తపడలేదు. కన్వేయర్ మీద ఇంకో బండి వచ్చేస్తోంది, అతను విసిరి వదిలేశాడు. ఆ వదిలెయ్యడంలో ఎంత అందముందో ఆమెకి ఒంట్లో తెలిసింది. ఇంట్లో భోజనం ఏమిటో, ఆ రోజు జీతం రోజో కాదో తప్ప అతను వేరే ఏమీ తలచుకుని ఉండడు. తన విసురుని ఒక ఆడమనిషి అరవై ఏళ్ళు దాటాక నిలబడి చూస్తుందని కలలో కూడా అనుకుని ఉండడు.

గస్ ఫోన్ దగ్గరగా తీసుకెళ్ళి నెమ్మదిగా అంతా చూపించాడు. తరువాత టోపీ తీశాడు. ఎందుకు తీశాడో అతనికే తెలియనట్టుంది, మళ్ళీ పెట్టుకున్నాడు.

నాలుగున్నరకి వీడియో సైటులో పెట్టారు. కింద ఇలోనా చెప్పినట్టే గస్ రాశాడు: "ఈ భాగం మేము పునరుద్ధరించలేదు. 'పూర్తి' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాం. పెట్టె తీసేటప్పుడు పడిన పెచ్చు కూడా వీడియోలో ఉంది. మిగిలిన నలుపు ఇలోనా నేమెత్ ఈ పాత రంగుని చూసి ఎడమచేత్తో కొట్టింది."

వ్యాఖ్యలు పుట్టలోంచి చీమల్లా వచ్చాయి. ఒకడు రంగుకి ముసలితనం కూడా ఇప్పుడు డబ్బాల్లో దొరుకుతోందన్నాడు. ఒకడు ఆ తారు పట్టీ అచ్చుని నకిలీ చెయ్యడం ఎవడివల్లా కాదన్నాడు. ఒకావిడ పెచ్చు గురించి బాధపడింది. అందరూ చివర ఒకే మాట అడిగారు, యోస్ట్ ఏమంటాడు? యోస్ట్ ఏమీ అనలేదు. వేలం నుంచి బండిని తియ్యలేదు గానీ, పాట నలభై ఒక్క వేల దగ్గరే కాలు విరిగినట్టు కూర్చుంది.

శనివారం మధ్యాహ్నం రెండూ నలభైకి వేలం ముగుస్తుంది. రెండున్నరకి వంటింటి ఫోన్ మోగింది. గస్ ల్యాప్‌టాప్ ముందున్నాడు. ఇలోనాయే తీసింది.

"మిసెస్ నేమెత్ గారా? నేను వెండెల్ యోస్ట్‌నండి."

పెద్దవాడి గొంతు, బడిపంతులు గొంతు. ఆమె కుర్చీలో కూర్చోలేదు.

"చెప్పండి."

"నిన్న సాయంత్రం మీ వీడియో చూశాక అటక మీద పెట్టెలన్నీ దింపాను. ముప్ఫై నాలుగేళ్ళ పాతకార్ల ప్రదర్శనల మార్కుల కాగితాలు. నేనే న్యాయనిర్ణేతని కదండీ. ఫైర్‌వాల్ తోక ఎడమకి ఉందని నేను మార్కులు కోసిన బండ్లు తీశాను. పదకొండు తేలాయి."

"పదకొండా."

"నంబర్లు వరసలో పెట్టాను. మీదానితో కలిపి పన్నెండు. అన్నీ యాభై ఏడు ఫిబ్రవరి నాలుగుకీ ఏప్రిల్ ఐదుకీ మధ్య తయారైనవి. అన్నీ రెండో షిఫ్టువే. దానికి ముందు ఒక్కటీ లేదు, తరువాతా ఒక్కటీ లేదు. తొమ్మిది వారాలండి. ఒక మనిషి వచ్చాడు, తొమ్మిది వారాలు పనిచేశాడు, వెళ్ళిపోయాడు."

ఇలోనా గోడకి ఆనుకుంది. పన్నెండు బండ్లు పన్నెండు ఊళ్ళలో, ఒకదాన్నొకటి ఎరగనివి, అన్నిటి మీదా అదే చెయ్యి. చదువుకోవడానికి పుస్తకమంతా ముందే ఉన్నా ఇంతవరకూ ఎవరికీ అది పుస్తకమని తెలియలేదు.

"ఆ పదకొండూ ఇప్పుడెలా ఉన్నాయండీ?" అని అడిగింది. అడుగుతూండగానే జవాబు తెలిసింది.

"నేను తప్పని రాశాను కదమ్మా," అన్నాడు యోస్ట్. "యజమానులు గీకించేసి, కుడివైపు తోకతో మళ్ళీ కొట్టించుకున్నారు. పదకొండు మందీ. మరుసటేడు అందరికీ నేను పూర్తి మార్కులిచ్చాను."

బల్ల దగ్గర గస్ చేతులు ఊపడం మొదలుపెట్టాడు. యోస్ట్ ఇవే మాటలు ఫోన్ చేసే ముందు సైటులో తన పేరుతో రాసి ఉన్నాడు, ఒక్కటీ దాచకుండా. పాట లేచింది. యాభై. యాభై నాలుగు. గస్ వేళ్ళతో చూపిస్తున్నాడు. ఆమె చూపుడు వేలు ఎత్తి ఆగమంది.

"ఆయనెవరో మీకేమైనా తెలిసిందా?"

"లేదండి. జీతాల పుస్తకాలు ఫ్యాక్టరీతోపాటే పోయాయి. తెలిసే దారి లేదు. మిసెస్ నేమెత్, నేనొక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఆ పదకొండు మందికీ ఉత్తరాలు రాస్తాను. మీరు వచ్చి, మళ్ళీ ఎడమకి కొట్టి పెడతారా? ఖర్చంతా నాది."

ఇలా ఎవరైనా అడుగుతారని ఆమె ముప్ఫై ఒక్కేళ్ళలో ఒక్కనాడూ ఊహించలేదు. ఆ మాట చెవిలో పడగానే కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుంది. అటు చూస్తే గ్యారేజీలోకి తలుపు తెరిచే ఉంది. బానెట్ ఎత్తిన మెరిడియన్, హీటర్ పెట్టె ఇంకా బిగించలేదు.

"కొట్టనండి," అంది. "కొడితే నాది అవుతుంది, అతనిది కాదు. కొట్టి అతనిదంటే, మొన్న మీరు నా మీద రాసిన మాట అప్పుడు నిజమవుతుంది."

అవతల కాగితాలు కదిలిన చప్పుడైంది.

"కుడివైపువి కుడివైపే ఉండనివ్వండి. పుస్తకంలో మాత్రం నిజం రాయండి. పదకొండు బండ్లకీ ఇలా ఉండేదని, ఇలా పోయిందని."

"రాస్తాను," అన్నాడు యోస్ట్. "పేజీ ముందే పెట్టుకున్నాను. పదకొండూ నేనే చెరిపానని కూడా రాస్తాను. మీ బండికి ఏం రాయమంటారు? నా రిజిస్టర్‌లో రంగు వేసినవాళ్ళ పేరుకి గడి లేదండి. ఇవాళ గీశాను. మీ పేరు స్పెల్లింగ్ చెప్పండి."

బల్ల దగ్గర గస్ లేచి నిలబడ్డాడు, మోకాళ్ళ సంగతి మరిచిపోయాడు. చివరి రెండు నిమిషాల్లో ఎవరు పాట పెంచినా గడియారం మళ్ళీ రెండు నిమిషాల దగ్గరికి వెళుతుంది. అలా ఐదోసారి వెళ్ళింది. పెదవులతో అరవై ఎనిమిది అన్నాడు, శబ్దం లేకుండా. తరువాత డెబ్బై ఒకటి. ఇలోనా అతని వైపు వీపు తిప్పింది.

"గడిలో ముందు ఆయన్ని రాయండి," అంది.

"పేరు లేదే."

"పేరు లేకపోతే ఉన్నది రాయండి. ఎడమచేతి మనిషి. రెండో షిఫ్టు. ఫిబ్రవరి నాలుగు నుంచి ఏప్రిల్ ఐదు దాకా."

కలం కాగితం మీద కదిలే చప్పుడు ఫోన్లో వినిపించింది. పంతులుగారు కుదురుగా, తొందరలేకుండా రాస్తున్నారు. వెనకాల గస్ కుర్చీ కింద పడింది. గడియారం సున్నాకి చేరినట్టుంది, డెబ్బై మూడు వేలు, అమ్ముడైంది అని ఎవరితోనో చెబుతున్నట్టు గదికే చెబుతున్నాడు. ఆమె రెండో చెవి మూసుకుంది.

"రాశాను," అన్నాడు యోస్ట్. "దాని కింద మీరు. ఇలోనా నేమెత్, టొలీడో. మిగతా నలుపు ఆవిడ... ఏమని రాయను? నకలు తీసిందనా?"

"కాదండి," అంది ఇలోనా. "నేర్చుకుందని రాయండి."